జకాత్ లెక్క తర్వాత, ముందు సొమ్ము ఎవరిదో తేల్చండి

రంజాన్ దగ్గర పడిందంటే చుట్టాల్లోనూ స్నేహితుల్లోనూ జకాత్ (ముస్లింలు ఏటా తమ సొమ్ములోంచి తప్పనిసరిగా తీసి ఇవ్వాల్సిన వాటా) ప్రశ్నలు మొదలవుతాయి. నేను ఆలిమ్‌ని (మతశాస్త్రం చదివిన పండితుల్లో ఒకరిని) కాను, లెక్కలు చూసే ఉద్యోగం కాబట్టి నన్ను అడుగుతారు, అంతే. "రెండున్నర శాతమే కదా, ఉన్నదాన్ని నలభైతో భాగిస్తే అయిపోయె" అంటారు. ఆ భాగహారం బడిపిల్లలు కూడా చేసేస్తారు. అసలు చిక్కంతా భాగించాల్సిన మొత్తం ఏది అన్న దగ్గరే. అది తేలాలంటే ఇంట్లో ఉన్నదాంట్లో ఏది నిజంగా మీది, ఏది మీ బీరువాలో ఉన్నా మీది కాదు, ఏది మీదే అయినా మీ చేతికి రాదు అని ఒక్కొక్కటిగా విడదీయాలి. ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) పుస్తకాల్లో జకాత్ అధ్యాయం తెరిచినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది: దానం గురించి చెప్తున్నట్టు మొదలై నాలుగు పేజీలు తిప్పేసరికి అది ఆస్తి చట్టమైపోతుంది.

దీనికి పునాది ఖురాన్‌లోనే ఉంది. 70వ సూరాలో నమాజు నిలబెట్టేవాళ్ల గురించి చెబుతూ, వాళ్ల సంపదలో అడిగేవాడికీ, ఏమీ దక్కనివాడికీ తెలిసిన హక్కు ఒకటుంటుందని వస్తుంది. హక్కు అన్నాక ఇచ్చేవాడి జాలితో పనిలేదు. సదఖా వేరు, అది మీ ఇష్టం, ఎంతైనా, ఎప్పుడైనా, ఎవరికైనా ఇవ్వొచ్చు. జకాత్‌కి ఎంత, ఎప్పుడు, దేని మీద, ఎవరికి అన్న నాలుగూ ముందే కట్టేసి ఉంటాయి. సున్నీల్లో హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ అని నాలుగు ఫిఖ్‌హ్ సంప్రదాయాలున్నాయి. మనిషి జకాత్ కట్టకుండా చనిపోతే షాఫయీలు దాన్ని బాకీ కింద లెక్కేసి, వారసులు ఆస్తి పంచుకోకముందే తీసి ఇవ్వమంటారు. హనఫీలు మాత్రం పోయినవాడు వసీయత్ (వీలునామా) చేసి ఉంటేనే, అదీ ఆస్తిలో మూడో వంతుకి మించకుండా ఉంటేనే వారసుల మీద బాధ్యత అంటారు. నాకు మొదటి మాటే సబబుగా తోస్తుంది. బాకీ బాకీయే కదా, పోయినవాడు చెప్పడం మర్చిపోతే మాఫీ అయిపోతుందా?

సరే, లెక్కలోకి వద్దాం. నిసాబ్ అంటే జకాత్ పడటానికి ఉండాల్సిన కనీస సొమ్ము. బంగారం 20 దీనార్లు, వెండి 200 దిర్హమ్‌లు అని ప్రవక్త (స) కాలం నుంచి వస్తున్న కొలతలు. ఇప్పటి తూకంలో బంగారం 85 గ్రాములు, వెండి 595 గ్రాములు అని చాలామంది చెప్తారు, తులాల లెక్కలో చెప్పేవాళ్లు 87.48 గ్రాములు, 612.36 గ్రాములు అంటారు. ఆ రోజుల్లో ఒక దీనారుకి అటూ ఇటూగా పది దిర్హమ్‌లు వచ్చేవి, కాబట్టి రెండు నిసాబ్‌ల విలువా దాదాపు ఒకటే. ఇవాళ వెండి ఎక్కడో కింద ఉంది, బంగారం దానికి ఎన్నో రెట్లు పైన ఉంది. దాంతో ఒక వింత పరిస్థితి వచ్చింది. ఒకామె దగ్గర 40 గ్రాముల బంగారం ఉంది, ఇంకేమీ లేదు అనుకోండి. 85కి చేరలేదు కాబట్టి జకాత్ లేదు. అదే 40 గ్రాములతో పాటు బ్యాంకులో ఏ కొద్దిపాటి డబ్బో ఉందనుకోండి. హనఫీ పద్ధతిలో బంగారాన్నీ నగదునీ విలువ కట్టి కలుపుతారు, కలిపిన విలువ వెండి నిసాబ్‌ని ఎప్పుడో దాటేసి ఉంటుంది కాబట్టి మొత్తం మీద జకాత్ పడుతుంది. అంటే ఆ కాస్త డబ్బు ఖర్చైపోయి ఉంటే ఒక్క గ్రాము కూడా కట్టక్కర్లేదు! అన్యాయంగా ఉందని చాలామంది నాతో వాదించారు. ఇటు ముఫ్తీలు (మతపరమైన తీర్పు చెప్పే పండితులు) వెండినే పట్టుకోవడానికి చెప్పే కారణం, పేదవాడికి లాభం ఏ వైపుందో ఆ వైపు మొగ్గాలని. ఇంకో వైపు, నెలాఖరుకి కటకటలాడే మనిషి కూడా వెండి లెక్కలో ధనవంతుడైపోతున్నాడు కాబట్టి బంగారమే కొలతగా ఉండాలని వాదించే పండితులూ ఈ కాలంలో తక్కువేం లేరు.

నిసాబ్ ఉంటే చాలదు, దాని మీద హౌల్, అంటే చాంద్రమాన సంవత్సరం, 354 రోజులు తిరగాలి. హనఫీలు ఏడాది మొదట్లోనూ చివర్లోనూ నిసాబ్ ఉందా అని చూస్తారు, మధ్యలో తగ్గినా పట్టించుకోరు, పూర్తిగా సున్నా అయితే తప్ప. షాఫయీలు బంగారం, వెండి, నగదు విషయంలో ఏడాది పొడుగునా ఉండాలంటారు. మధ్యలో వచ్చిన జీతాన్ని హనఫీలు పాత సొమ్ముతో కలిపేసి ఒకే తారీఖున లెక్క తేలుస్తారు. ఉద్యోగస్తులకి ఇది పెద్ద ఊరట, లేకపోతే ప్రతి నెల జీతానికీ ఒక హౌల్ రాసుకోవాల్సి వచ్చేది. ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం లెక్క వేసుకునేవాళ్లు 2.5 బదులు 2.577 శాతం కట్టాలని కూడా చెప్తారు, ఆ పదకొండు రోజుల తేడాకి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇక్కడి నుంచి మొదలవుతుంది. సొమ్ము మీద మిల్కె తామ్, అంటే పూర్తి యాజమాన్యం ఉండాలి అన్న షరతు. కాగితం మీద మీ పేరుంటే సరిపోదు, దాన్ని మీరు వాడుకోగలిగే స్థితిలో ఉండాలి. మరి సొమ్ము మీదే, కానీ ఎవరో లాక్కున్నారు, సాక్ష్యం లేదు. లేదా ఎడారిలో పాతిపెట్టి చోటు మర్చిపోయారు. లేదా సముద్రంలో పడిపోయింది. ఇలాంటిదాన్ని మాలె జిమార్ అంటారు, తిరిగొస్తుందన్న ఆశ లేని సొమ్ము. ఏళ్ల తర్వాత అది దొరికితే ఆ మధ్య కాలానికి జకాత్ ఏమిటి? ఇమామ్ మాలిక్ కూర్చిన ముఅత్తా అనే గ్రంథంలో దీని మీద ఒక చిన్న ఉదంతం ఉంది. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (ఆయన పాలన 717 నుంచి 720 దాకా) తన గవర్నర్లలో ఒకరు అన్యాయంగా గుంజుకున్న సొమ్మును సొంతదారుకి వాపసు ఇవ్వమని ఉత్తరం రాశాడు. గడిచిన ఏళ్లన్నిటికీ దాని మీద జకాత్ తీసుకోమని కూడా అందులో రాశాడు. ఉత్తరం వెళ్లిపోయాక మళ్లీ ఆలోచించి, దాని వెనకే ఇంకో ఉత్తరం పంపాడు: ఒక్కసారికే జకాత్ తీసుకోండి, అది ఇన్నాళ్లూ జిమార్‌గా ఉంది కదా అని. ప్రభుత్వమే లాక్కుని, తిరిగిచ్చేటప్పుడు ఆ ఏళ్లకి పన్ను కూడా కోసుకోవడం ఎంత ఘోరంగా ఉండేదో ఆయనకి తట్టింది. రిఫండ్ల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకి ఈ రెండో ఉత్తరం విలువ తెలుస్తుంది.

అప్పుగా ఇచ్చిన డబ్బు కూడా ఇదే గాటన వస్తుంది. తీసుకున్నవాడు ఒప్పుకుంటున్నాడు, ఇవ్వగలిగే స్థితిలో ఉన్నాడు అంటే ఆ డబ్బు మీదే, జకాత్ కూడా మీదే, కాకపోతే చేతికొచ్చాక గడిచిన ఏళ్లది కలిపి కట్టొచ్చు. ఎగ్గొట్టేశాడు, ఆశ లేదు అంటే వదిలేయండి. మీరు చేసిన అప్పుల సంగతైతే హనఫీలు వాటిని తీసేసి మిగిలినదాన్ని లెక్కపెట్టమంటారు, షాఫయీలలో బలమైన అభిప్రాయం అప్పు ఉన్నా చేతిలో ఉన్నదాని మీద జకాత్ పడుతుందనే. ఇరవై ఏళ్ల ఇంటి లోన్ మొత్తాన్ని తీసేసి "నాకు జకాత్ లేదు" అని ఊపిరి పీల్చుకునేవాళ్లని చూశాను. ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాల వరకే తీసేయాలని ఇప్పటి ముఫ్తీలు చాలామంది చెప్తున్నారు, నాకూ అదే న్యాయం అనిపిస్తుంది. ఉండే ఇల్లు, కట్టుకునే బట్టలు, పనిముట్లు, తిరిగే బండి, చదువుకునే పుస్తకాలు హాజతె అస్లియా, అంటే అసలు అవసరాల కింద పోతాయి, వాటి మీద ఎలాగూ ఏమీ లేదు.

ఇక నగలు. ఏటా పెద్ద గొడవ దీని మీదే. హనఫీలు ఒంటి మీదున్నా పెట్టెలో ఉన్నా బంగారం బంగారమే, జకాత్ కట్టాల్సిందే అంటారు. ఒకావిడ తన కూతురి చేతికి రెండు బరువైన బంగారు కడియాలతో వస్తే ప్రవక్త (స) వాటికి జకాత్ ఇస్తున్నావా అని అడిగి, వీటి బదులు అగ్ని కడియాలు వేస్తే నీకు సంతోషమా అని హెచ్చరించిన హదీసు వాళ్ల ఆధారం. మాలికీ, షాఫయీ, హంబలీలు మామూలుగా వేసుకునే నగల మీద జకాత్ లేదంటారు. ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (ర) తన దగ్గర పెరుగుతున్న తండ్రిలేని మేనకోడళ్ల నగలకి జకాత్ తీసేవారు కాదన్న రివాయత్ (చెప్పుకొచ్చిన కథనం) వాళ్ల ఆధారం. రెండు వైపులా బలమైన మాటే. కానీ ఈ వాదనలో మునిగి అందరూ దాటేసే సంగతి ఒకటుంది, ఆ నగలు ఎవరివి? ఇస్లామీ చట్టంలో భార్యాభర్తల ఆస్తులు కలిసిపోవు. ఆమె మెహర్ (పెళ్లిలో భర్త ఇచ్చే సొమ్ము), పుట్టింటివాళ్లిచ్చిన బంగారం, ఆమె సంపాదన ఆమెవే, జకాత్ కూడా ఆమె మీదే పడుతుంది. భర్త కట్టక్కర్లేదు, ఆమె అనుమతితో ఆమె తరఫున కడితే మంచిదే. తల్లి నగలు, కోడలి నగలు, కూతురి పేరన కొన్నవి అన్నీ ఒకే తక్కెడలో పోసి "మా ఇంటి బంగారం" అని తూకం వేస్తే లెక్క మొదట్లోనే తప్పు. ఎవరి నిసాబ్ వాళ్లదే. విడివిడిగా చూస్తే కొందరికి అసలు పడకపోవచ్చు కూడా. అలాగని జకాత్ తారీఖు రాగానే సగం భార్య పేరన రాసేసి, మర్నాడు వెనక్కి రాయించుకోవడం హీలా, అంటే చట్టం కళ్లుగప్పే ఎత్తు. అడ్డుపడే సూత్రం ఒకటి ఉంది గానీ (హిబా, అంటే కానుక, చెల్లాలంటే స్వాధీనం చేయాలి, ఇచ్చాక ఆమె వెనక్కివ్వకపోతే అడిగే హక్కు మొగుడికి ఉండదు), ఆ రిస్కు తీసుకునే ధైర్యం ఉన్నవాళ్లు ఈ ఎత్తుగడ వేయరు లెండి.

ఇలాంటి ఎత్తులు కొత్తవేం కావు. మొదటి ఖలీఫా అబూబక్ర్ (ర) జకాత్ వసూలుకి పంపిన పత్రంలో, జకాత్‌కి భయపడి విడిగా ఉన్నదాన్ని కలపొద్దు, కలిసి ఉన్నదాన్ని విడదీయొద్దు అని ఉంటుంది. గొర్రెలకి నిసాబ్ 40, దానికి ఒక గొర్రె. 120 దాకా అదే ఒకటి, 121 నుంచి రెండు, 201 నుంచి మూడు. ముగ్గురికి తలా 40 ఉంటే తలా ఒకటి, మొత్తం మూడు ఇవ్వాలి. వసూలుదారు వస్తున్నాడని తెలిసి మందలు కలిపేసి 120 అని చూపిస్తే ఒక్కదానితో బయటపడొచ్చు! అదే ఇద్దరిది 40 ఉమ్మడి మంద అయితే చెరో ఇరవై అని విడదీసి అసలే ఎగ్గొట్టొచ్చు. ఈ హెచ్చరిక వసూలుదారుకి కూడా వర్తిస్తుందని వ్యాఖ్యాతలు చెప్తారు, ఎక్కువ రాబట్టడానికి అతనూ మందలు చీల్చకూడదు. అదే పత్రంలో ఒంటెల లెక్క ఇంకా సూక్ష్మం. 61 ఒంటెలున్నవాడు నాలుగేళ్లు నిండిన ఆడ ఒంటె ఒకటి ఇవ్వాలి. అతని దగ్గర ఆ వయసుది లేదు, మూడేళ్లు నిండినదే ఉంది. అప్పుడు దాన్నే తీసుకుని, తేడాకి రెండు గొర్రెలో ఇరవై దిర్హమ్‌లో తీసుకోవాలి. ఇవ్వాల్సిందానికన్నా పెద్దది తీసుకుంటే వసూలుదారే రెండు గొర్రెలో ఇరవై దిర్హమ్‌లో వెనక్కివ్వాలి. ఎడారి మధ్యలో, రసీదు పుస్తకం లేని కాలంలో, ప్రభుత్వ మనిషి చిల్లర తిరిగిచ్చే ఏర్పాటు చూడండి.

వసూలుదారుని ఆమిల్ అంటారు. తొమ్మిదో సూరా 60వ ఆయత్‌లో జకాత్ అందుకునే ఎనిమిది వర్గాల్లో అతనూ ఒకడు, ధనవంతుడైనా సరే, పనికి కూలి కాబట్టి. ఒకసారి ఇబ్నుల్ లుత్బియ్యా అనే ఆమిల్ వసూలు ముగించుకుని వచ్చి ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నాడు. ప్రవక్త (స) మింబర్ (మస్జిద్‌లో ప్రసంగించే గద్దె) ఎక్కి, అతను తన అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని చూడాల్సింది, ఆ కానుకలు వచ్చేవో లేవో అన్నారు. లంచానికి ఇంతకన్నా చిన్న పరీక్ష నేను ఎక్కడా చదవలేదు.

మిగతా ఏడు వర్గాల్లో ఫకీర్, మిస్కీన్ ఇద్దరూ పేదలే. ఎవరు ఎక్కువ పేద అన్నదాని మీద షాఫయీలు, హనఫీలు తలో వైపు నిలబడ్డారు, దానివల్ల వచ్చే తేడా మాత్రం పెద్దగా లేదు. ఆసక్తి కలిగించేది గారిమ్, అంటే అప్పుల్లో మునిగినవాడు. ఇద్దరి మధ్య తగువు చల్లార్చడానికి తన మీద అప్పు వేసుకున్నవాడు కూడా ఇందులోకి వస్తాడు, షాఫయీల ప్రకారం అతను ఉన్నవాడైనా సరే. ఇబ్నుస్సబీల్ ఊళ్లో ఎంత ఆస్తి ఉన్నా దారిలో చేతిలో పైసా లేని బాటసారి. చూశారా, మళ్లీ అదే, సొమ్ము అతనిదే కానీ చేతికందదు. జిమార్ సొమ్ము మీద గడిచిన ఏళ్లన్నిటికీ జకాత్ అడగని చట్టమే ఈ బాటసారికి జకాత్ ఇవ్వమంటోంది.

ఇచ్చేటప్పుడు హనఫీలు పెట్టే షరతు తమ్లీక్, అంటే పేదవాడిని ఆ సొమ్ముకి యజమానిని చేయాలి. అందుకే జకాత్‌తో మస్జిద్ కట్టకూడదు, రోడ్డు వేయకూడదు, శవానికి కఫన్ కూడా కొనకూడదు, ఎందుకంటే వీటిలో ఎవరూ యజమాని కారు. పేదలని పిలిచి కూర్చోబెట్టి వడ్డించినా చెల్లదు, తినే అనుమతి వేరు, యాజమాన్యం వేరు. అదే తిండి చేతికిచ్చి నీది అంటే చెల్లుతుంది. మొదట ఇది మరీ పట్టుదలగా అనిపించింది కానీ, ఇప్పుడు నాకు ఇది పేదవాడి పక్షాన ఉన్న షరతనే అనిపిస్తుంది. చేతికొచ్చాక అతను ఏం కొనుక్కుంటాడో ఇచ్చినవాడు నిర్ణయించలేడు. ఫొటోలు దిగి దుప్పట్లు పంచే సంఘాలకి ఈ ఒక్క మాట చదివి వినిపించాలనుంటుంది.

తల్లిదండ్రులకీ పిల్లలకీ జకాత్ ఇవ్వకూడదు, వాళ్ల పోషణ ఎలాగూ మీ బాధ్యతే, ఇస్తే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టే. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ మేనత్తలకీ ఇవ్వొచ్చు, రెట్టింపు పుణ్యం అంటారు.

వక్ఫ్‌లో, అంటే ఆస్తిని శాశ్వతంగా ధర్మానికి కట్టేయడంలో, ఇదే ప్రశ్న తలకిందులవుతుంది. రెండో ఖలీఫా ఉమర్ (ర)కి ఖైబర్‌లో మంచి భూమి దక్కింది. దాన్ని ఏం చేయమంటారని ప్రవక్త (స)ని అడిగితే, అసలు అలాగే ఉంచి దాని ఫలాన్ని దానం చేయొచ్చు అన్నారు. అమ్మకూడదు, ఇవ్వకూడదు, వారసత్వంగా పోకూడదు. చూసుకునే ముతవల్లీ పద్ధతిగా అందులోంచి తినొచ్చు, కూడబెట్టుకోకూడదు. మరి అలాంటి భూమి ఎవరిది? అబూ హనీఫా అది ఇచ్చినవాడిదే, కాజీ తీర్పు లేకపోతే వెనక్కి కూడా తీసుకోవచ్చన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఒప్పుకోలేదు, అది అల్లాహ్ యాజమాన్యంలోకి వెళ్లిపోయింది అన్నారు, తర్వాత హనఫీల ఆచరణ వాళ్ల మాట మీదే నడిచింది. మాలికీలు ఇచ్చినవాడి యాజమాన్యం ఉంటుంది కానీ చేతులు కట్టేసి ఉంటాయన్నారు. హంబలీలు లబ్ధిదారులదే అన్నారు. ఒకే పొలం, నాలుగు అభిప్రాయాలు! 16వ శతాబ్దంలో ఒట్టొమాన్ రాజ్యంలో నగదుని వక్ఫ్ చేసి, దాన్ని తిప్పి వచ్చే లాభంతో ధర్మకార్యాలు నడపడం పెరిగినప్పుడు పెద్ద రచ్చ జరిగింది. ఖర్చైపోయే డబ్బుని "అలాగే ఉంచడం" ఎలా కుదురుతుందని, పైగా అది వడ్డీయేనని బిర్గివీ అనే పండితుడు వ్యతిరేకించాడు. రాజ్యంలో పెద్ద ముఫ్తీ అయిన షేఖుల్ ఇస్లామ్ అబుస్సుఊద్ మాత్రం, జనంలో పాతుకుపోయిన అలవాటు, దీనివల్ల మేలే జరుగుతోంది అని సమర్థించాడు. ఆయన మాటే నెగ్గింది. బిర్గివీ అడిగిన ప్రశ్నకి మాత్రం నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

ఎవరు వసూలు చేయాలన్నది ఇంకో తలనొప్పి. మందలు, పంటలు కళ్లకి కనబడే సొమ్ము, ప్రభుత్వం వసూలు చేసేది. బంగారం, నగదు, సరుకు లోపలి సొమ్ము, దాన్ని మూడో ఖలీఫా ఉస్మాన్ (ర) కాలం నుంచి సొంతదారుల మనస్సాక్షికి వదిలేశారు. 1980లో పాకిస్తాన్ ఒక ఆర్డినెన్స్ తెచ్చి, రంజాన్ మొదటి తారీఖున బ్యాంకు సేవింగ్స్ ఖాతాల్లోంచి రెండున్నర శాతం కోసేయడం మొదలుపెట్టింది. తమ ఫిఖ్‌హ్ వేరని షియాలు ఆందోళన చేసి మినహాయింపు తెచ్చుకున్నారు. మిగతావాళ్లలో చాలామంది తెలివిగా రంజాన్ ముందు రోజు డబ్బు డ్రా చేసుకోవడం నేర్చుకున్నారు. మలేసియాలో కట్టిన జకాత్‌ని ఆదాయపు పన్నులోంచి తగ్గిస్తారు, అక్కడ జనం ఇష్టంగానే కడతారంటే ఆశ్చర్యం ఏముంది.

చివరగా, ఈ ఏడాది నన్ను ఎక్కువమంది అడిగింది ప్రావిడెంట్ ఫండ్ గురించి. జీతంలోంచి తప్పనిసరిగా కోసేది చేతికి రానేలేదు, కాబట్టి మిల్కె తామ్ లేదు, వచ్చాకే జకాత్ అని హనఫీ ముఫ్తీలు చాలామంది చెప్తారు. మీ ఇష్టంతో అదనంగా వేయించుకున్నదాని మీద మాత్రం ఏటా కట్టడమే జాగ్రత్త అంటారు. షేర్లు అమ్మడానికే కొన్నవైతే మార్కెట్ ధర మీద పడుతుంది. డివిడెండ్ కోసం దాచుకున్నవైతే కంపెనీ దగ్గరున్న నగదు, సరుకు లాంటివాటిలో మీ వాటా మేరకే. అందుకని ముఫ్తీ సాబ్ దగ్గరికి వెళ్లినప్పుడు "పీఎఫ్ మీద జకాత్ ఉందా" అని గంపగుత్తగా అడక్కండి. ఇంత తప్పనిసరి కోత, ఇంత నేను కలిపింది, ఇంత ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, ఇంత రిటైరయ్యేదాకా ముట్టుకోలేను అని కాగితం మీద విడివిడిగా రాసి తీసుకెళ్లండి. జవాబు కూడా విడివిడిగానే వస్తుంది.